పట్టుదారం పట్టుకుని పరాయి ఊళ్లో ఒక్క రోజు

*పెనుకొండకూ సియోల్‌కూ మధ్య ఇప్పుడు రాకపోకలు మామూలైపోయాయి. వెళ్లినవాళ్లకైనా వచ్చినవాళ్లకైనా చేతిలో మిగిలేది ఒక్క సెలవు రోజు, అదీ తోడు లేకుండా. ఆ రోజును ఎలా వాడుకోవాలి?*

చేజరే ఫెదరీచి అనే వెనిస్ వర్తకుడు 1567లో విజయనగరానికి వచ్చాడు. తళ్లికోట యుద్ధం ముగిసి అప్పటికి రెండేళ్లు. ఇళ్లు నిలబడే ఉన్నాయి గానీ వాటిలో మనుషులు లేరు. ఒక్క నెలలో తెమిలిపోయే పని పెట్టుకుని వచ్చిన ఫెదరీచి, దారుల్లో దొంగల భయం తగ్గేదాకా ఏడు నెలలు అక్కడే చిక్కుకుపోయాడు. రాజు తన పరివారంతో సహా ఎనిమిది రోజుల ప్రయాణం దూరంలో ఉన్న ఒక కోటకు మకాం మార్చాడని కూడా అతను రాసుకున్నాడు. ఆ కోట మన పెనుకొండ.

అతని రాతలో నాకు నచ్చేది గోపురాల వర్ణన కాదు. యుద్ధంలో పోయిన గుర్రాలకూ కొత్తగా తెచ్చే గుర్రాలకూ కలిపి సొమ్ము ఇస్తామని ఆ రాజు తిరుమలరాయలు పోర్చుగీసు వర్తకులకు ఆశపెట్టి, గుర్రాలు చేతికందాక ఒట్టి చేతులతో పంపేశాడట. ఆ సంగతిని ఫెదరీచి పూసగుచ్చినట్టు చెప్తాడు. వర్తకుడు కాబట్టి వర్తకంలో జరిగిన మోసం అతని కంటికి ఆనింది. శిథిల నగరాన్ని చూసి నిట్టూర్చినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, బాకీ లెక్క రాసి పెట్టినవాడు అతనే.

ఈనాటి ప్రయాణికుడి కష్టం దీనికి తలకిందులు. దారిలో దొంగలు లేరు, చేతిలో సమయమూ లేదు. ఏడు నెలలు చూడాల్సిన ఊరిని ఏడెనిమిది గంటల్లో చూడాలి. పక్కన పలకరించే మనిషి కూడా ఉండడు.

ఎర్రమంచి వాకిలి

పెనుకొండ కోటకు ఉత్తరం వైపున్న ద్వారం పేరు ఎర్రమంచి వాకిలి. లోపల పదకొండు అడుగుల ఆంజనేయుడు నిలబడి ఉంటాడు. బుక్కరాయల కొడుకు విరూపణ్ణ ఒడయరు కాలంలో కోట కట్టినట్టు ఉత్తర వాకిట్లోని శాసనం చెబుతుంది. ఆరేడు వందల ఏళ్లపాటు ఆ వాకిలి దాటి వెళ్తే వచ్చేది ఎర్రమంచి అనే పల్లె, దాని చుట్టూ చెనిక్కాయ చేలు. 2017 ఏప్రిల్‌లో కొరియాకు చెందిన కియా కంపెనీ ఒప్పందం మీద సంతకం చేశాక ఆ చేలల్లో 536 ఎకరాల్లో కార్ల కర్మాగారం లేచింది. 2019 ఆగస్టు 8న మొదటి సెల్టోస్ కారు బయటికి వచ్చింది, అదే ఏడాది డిసెంబరు 5న ప్రారంభోత్సవం జరిగింది. ఏడాదికి మూడు లక్షల కార్లు తయారుచేసే సత్తా ఉన్న ఫ్యాక్టరీ అది. విడిభాగాల కంపెనీలూ దాని వెంటే వచ్చాయి.

వాటితోపాటు కొరియా మనుషులూ వచ్చారు. జాతీయ రహదారి పక్కన కొరియన్ అక్షరాల బోర్డులు వెలిశాయి, కొరియా వంట వండే హోటళ్లు తెరిచారు. ఇటు మనవాళ్లు పని నేర్చుకోవడానికో, సమావేశానికో, చదువుకో ఆ దేశానికి విమానం ఎక్కుతున్నారు. అక్కడి వీసా చేతికొచ్చిందంటే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఒకటే: “ఒక్కడివే పోతావా నాయనా?” మన వైపు ఒంటరి ప్రయాణమంటే జాలి పడాల్సిన సంగతి. తిరుపతికి కూడా జీపు నిండా ఎక్కి పోయేవాళ్లం మనం.

పని ఉన్నన్నాళ్లూ కంపెనీ బస్సు, కంపెనీ భోజనం, కంపెనీ మనుషులు ఉంటారు. ఆ పని మధ్యలో ఒక్క రోజు సెలవు దొరుకుతుంది. చాలామంది ఆ రోజును రెండు రకాలుగా పాడుచేసుకుంటారు. కొందరు గదిలో పడుకుని ఇంటికి వీడియో కాల్ చేస్తూ గడిపేస్తారు. తక్కినవాళ్లు ‘తప్పక చూడాల్సిన పదిహేను చోట్లు’ అని ఎవరో చేసిన జాబితా పట్టుకుని ఒక్కో చోట పది నిమిషాల చొప్పున ఫోటోలు దిగి, రాత్రికి కాళ్లు పట్టేసి వెనక్కి వస్తారు. ఏం చూశావని అడిగితే ఫోన్ తీసి చూపిస్తారు. మొదటి రకంవాళ్లకు కనీసం నిద్ర మిగులుతుంది.

నా మాట వింటే జాబితా చింపేయండి. పరాయి ఊళ్లో ఒక్క రోజు, అదీ ఒంటరిగా, దొరికినప్పుడు మీ ఇంట్లోనో మీ వీధిలోనో మీ చేతికి బాగా తెలిసిన పని ఒకటి ఎంచుకుని, అది ఆ ఊళ్లో ఎలా జరుగుతుందో చూస్తూ పోండి. రైతు కూరగాయల మార్కెట్‌కు పోవాలి, వంటమనిషి సంతకు పోవాలి, బడిపంతులు బడి చుట్టూ తిరగాలి. తెలిసిన పనికి భాష పెద్ద అడ్డు కాదు. గైడు అవసరమూ అంతగా ఉండదు. తోడు లేనందుకు బాధపడాల్సిన పనీ లేదు, ఎందుకంటే ఇలాంటి తిరుగుడులో తోడొచ్చినవాడికి అరగంటలో విసుగు పుడుతుంది.

గూటి నుంచి చీర దాకా, సియోల్‌లో

మాట వరసకు హిందూపురం కుర్రాడొకడు సియోల్‌కు పోయాడనుకుందాం. వాళ్ల నాన్నకు ఎకరం మల్బరీ తోట ఉంది. చిన్నప్పటి నుంచి పురుగులు గూడు కట్టే చంద్రికలు మోశాడు, పట్టుగూళ్ల మార్కెట్లో నాన్న వెంట నిలబడ్డాడు, కిరికెరలోని పట్టు పరిశోధన సంస్థ గేటు ముందు నుంచే బడికి పోయాడు. మేనత్తను ధర్మవరంలో మగ్గాల ఇంటికి ఇచ్చారు. ఇలాంటివాడికి సియోల్‌లో ఎవరైనా చెప్పే మొదటి చోటు లోట్టె వరల్డ్ టవర్. 123 అంతస్తులు, 555 మీటర్లు. పైకెక్కి చూస్తే ఊరంతా కనబడుతుంది, నిజమే. కానీ ఆ టవర్ నిలబడిన జాంసిల్ ప్రాంతం కొరియాను ఏలిన జోసన్ రాజుల కాలంలో పట్టుపురుగులు పెంచిన చోటని ఎవరూ చెప్పరు. ఆ సంగతి తెలిసి అక్కడ నిలబడితే మనవాడికి టవర్ కన్నా నేల మీద ఆసక్తి పుడుతుంది.

అయినా అతన్ని నేను అటు పంపను. సబ్‌వే నాలుగో లైన్లో హన్‌సంగ్ యూనివర్సిటీ స్టేషన్‌లో దిగమంటాను. అక్కడికి దగ్గర్లోని సంగ్‌బుక్ పేటలో సొంజాందాన్ అనే పాత వేదిక ఉంది. పట్టుపురుగుల పెంపకం చల్లగా ఉండాలని జోసన్ రాజ్యంలో పూజలు చేయించిన చోటు అది. పక్కనే పట్టు మీద ఒక చిన్న మ్యూజియం కూడా ఉంది. రాణి స్వయంగా మల్బరీ ఆకు కోసి పురుగులకు వేసే తంతు ఒకటి ఆ రాజ్యంలో ఉండేది. మన ఇళ్లల్లో పురుగుల గదిలోకి చెప్పులతో రానివ్వకపోవడం, బయటివాళ్ల నీడ పడనివ్వకపోవడం చూసి పెరిగినవాడికి ఆ తంతును ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అక్కడి నుంచి కాలినడకన హ్యేహ్వామున్ ద్వారం. అక్కడ సియోల్ పాత కోటగోడ తగులుతుంది. 1396లో కట్టడం మొదలుపెట్టారు, మొత్తం పద్దెనిమిదిన్నర కిలోమీటర్లకు పైనే. అంతా నడవక్కర్లేదు. నక్సాన్ గుట్ట మీదుగా హుంగిన్‌జిమున్ అనే తూర్పు ద్వారం దాకా రెండు కిలోమీటర్ల చిల్లర, మెల్లగా నడిస్తే గంట. పెనుకొండ కొండెక్కిన కాళ్లకు నక్సాన్ గుట్ట ఒక లెక్క కాదు. గోడ రాళ్లను దగ్గరగా చూడమంటాను. ఒక్కో రాజు కాలంలో ఒక్కో తీరు రాయి వాడారు: కింద చిన్నవి, గుండ్రటివి, పైన చదరంగా చెక్కినవి. అతుకులు ఎక్కడ పడ్డాయో కంటికే తెలిసిపోతుంది.

తూర్పు ద్వారం దగ్గర గుట్ట దిగి కాసేపు పడమరగా నడిస్తే గ్వాంగ్‌జాంగ్ మార్కెట్. 1905లో మొదలైన బజారు. లోకమంతా అక్కడి పెసర అట్ల కోసం ఎగబడుతుంది. అట్లు బాగానే ఉంటాయి. పెసరట్టు తిని పెరిగినవాళ్లు మరీ ఆశ్చర్యపోవాల్సినంత కాదు. మన కుర్రాడి పని మాత్రం మేడ మీద. అక్కడ హన్‌బోక్ అనే కొరియా సంప్రదాయ బట్టల దుకాణాలు, పట్టు తానులు వరసగా ఉంటాయి. తాను అంచు వేళ్ల మధ్య నలిపి చూసి అది మగ్గం మీద నేసిందో మిల్లులో నేసిందో చెప్పగలిగే మనిషి అక్కడికొచ్చే విదేశీయుల్లో ఎందరుంటారు? దుకాణదారు ఎదురుగా నిలబడి అలా నలిపి చూస్తే చాలు, మాట కలుస్తుంది. ఫోన్‌లో అనువాదం యాప్ ఉంది, వేళ్లు ఉన్నాయి, లెక్కల యంత్రం ఉంది. మేనత్త నేసిన చీర కొంగు ఫోటో ఒకటి ఫోన్‌లో పెట్టుకుని పోతే ఆ గంట మరిచిపోలేనిదవుతుంది.

ఒక్క హెచ్చరిక. ఆదివారం ఆ మార్కెట్లో తిండి అంగళ్లు తెరుస్తారు గానీ బట్టల దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. శనివారం పోవడం మేలు. సియోల్‌లో చాలా మ్యూజియాలకు సోమవారం సెలవు. గ్యోంగ్‌బోక్‌గుంగ్ రాజభవనానికి మంగళవారం సెలవు. ఒక్క రోజే ఉన్నప్పుడు మూసిన తలుపు ముందు నిలబడడం కన్నా దండగ లేదు. టికెట్ కొనే ముందే సెలవు రోజు చూసుకోండి.

బయటికొచ్చేటప్పుడు సియోల్ వీధి బండ్ల మీద అక్కడక్కడా ఉడికించిన పట్టుపురుగు ప్యూపాలను కాగితపు గ్లాసుల్లో పోసి అమ్ముతుంటారు. ఆ వాసన తగలగానే మన కుర్రాడికి హిందూపురంలో దారం తీసే యూనిట్ల వెనక వీధి గుర్తొచ్చి తీరుతుంది. తినాలా వద్దా అన్నది అతనిష్టం. నేనైతే తినను.

ఒక్కరికి భోజనం

ఒంటరిగా పోయినవాళ్లకు కొరియాలో అసలు చిక్కు తిండి దగ్గరే వస్తుంది. మాంసం బల్ల మీదే కాల్చుకు తినే హోటళ్లలో చాలాచోట్ల కనీసం ఇద్దరికి సరిపడా తెప్పించుకోవాలంటారు. ఒక్కడే పోయి కూర్చుంటే మొహమాటంగా తల అడ్డంగా ఊపుతారు. అలాంటిచోట పట్టుబట్టొద్దు. కింబాప్ అమ్మే చిన్న హోటళ్లు, అన్నంతో వేడి పులుసు ఇచ్చే చోట్లు, బిబింబాప్ దుకాణాలు ఒంటరివాళ్లతోనే నడుస్తాయి. శాకాహారులకు బిబింబాప్ దిక్కు. మాంసం వద్దని, గుడ్డు కూడా వద్దనుకుంటే అదీ ముందే, కొరియన్‌లో రాయించుకున్న చీటీ చూపించి చెప్పాలి. చేపల సారం కలిసిన వంటలు అక్కడ చాలా ఎక్కువ. నిష్ఠ గట్టిగా ఉన్నవాళ్లు బౌద్ధ ఆలయ వంట వండే హోటల్‌ను ముందే చూసి పెట్టుకోవాలి. ఊరిబిండి సీసా సంచిలో ఉంటే పరాయి అన్నం కూడా దిగుతుంది, ఆ సంగతి మీకు నేను చెప్పాలా.

మిగతా జాగ్రత్తలు పొట్టిగా చెప్తాను. ఇంచియాన్ విమానాశ్రయం నుంచి సియోల్ స్టేషన్‌కు ఆగకుండా పోయే రైలు ముక్కాలు గంటలో చేరుస్తుంది. సబ్‌వేకూ బస్సుకూ పనికొచ్చే టీ-మనీ కార్డు చిల్లర దుకాణాల్లోనే దొరుకుతుంది. కొంచెం నగదు దగ్గర పెట్టుకోండి. దారి చూసుకోవడానికి అక్కడివాళ్లు వాడేది నేవర్ మ్యాప్, కకావో మ్యాప్. పోలీసులకు 112, అంబులెన్సుకు 119. యాత్రికుల కోసం 1330 నంబరు ఉంది, ఇంగ్లీషులో మాట్లాడతారు. మన గడియారం కన్నా వాళ్లది మూడున్నర గంటలు ముందు. రాత్రి పదింటికి అమ్మకు ఫోన్ చేద్దామనుకుంటే ఇక్కడ ఇంకా సాయంత్రం ఆరున్నరే, నిశ్చింతగా చేయొచ్చు. పాస్‌పోర్టు నకలు ఒకటి సంచిలో, ఒకటి ఫోన్‌లో, ఒకటి ఇంట్లో ఉండాలి. ఏ దారిన పోతున్నారో ఆఫీసులో ఒక్కరికైనా చెప్పి బయల్దేరండి. ఆడపిల్లలైనా మగపిల్లలైనా ఈ నియమం ఒకటే.

ఇంజనీరు కంటితో లేపాక్షి

ఇప్పుడు అటు నుంచి ఇటు వచ్చిన మనిషి సంగతి. ఎర్రమంచిలో పని మీద వచ్చిన కొరియా ఇంజనీరుకు ఒక ఆదివారం దొరికింది. హోటల్‌లో అడిగితే ‘లేపాక్షి, పెనుకొండ కోట, పుట్టపర్తి, ధర్మవరం చీరలు, కుదిరితే బెంగళూరు’ అని ఒక్క ఊపిరిలో చెప్పేస్తారు. హిందూపురం పెనుకొండకు దక్షిణాన, ధర్మవరం ఉత్తరాన. ఒక్కో మజిలీ నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ. లేపాక్షి హిందూపురం నుంచి మరో పదిహేను. అన్నీ ఒక్క రోజులో తిరిగితే చూసేది రోడ్డునే. దక్షిణమో ఉత్తరమో తేల్చుకుని, సాయంత్రాన్ని పెనుకొండకు వదలాలి.

ఇంజనీరుకు లేపాక్షిలో ఏముంది? శిల్పం, భక్తి, జటాయువు కథ, సీతమ్మ పాదం... ఇవన్నీ అతనికి ఎవరో ఒకరు చెప్తారు. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండలో కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ, అతని తమ్ముడు వీరణ్ణ ఇక్కడి గుడి కట్టించారు. (కోట శాసనంలోని విరూపణ్ణ ఒడయరు వేరే మనిషి, దాదాపు రెండు శతాబ్దాల ముందువాడు.) ఖజానా సొమ్ము వాడాడన్న నింద పడి విరూపణ్ణ తన కళ్లు తానే పీక్కుని గోడకేసి కొట్టాడని కథ, ఆ ఎర్రటి మరకలను ఇప్పటికీ చూపిస్తారు.

ఇంజనీరు మాత్రం నేరుగా వేలాడే స్తంభం దగ్గరికి పోతాడు. పోవాలి కూడా. కిందినుంచి తువ్వాలు ఇటు దూర్చి అటు లాగే తమాషా అయ్యాక జనం వెళ్లిపోతారు. అప్పుడు మెడ పైకెత్తి కప్పు దూలాలను చూడాలి. ఒక స్తంభం నేలకు ఆనకపోయినా మండపం నిలబడి ఉందంటే ఆ బరువు ఎటు పోతోంది, పక్క స్తంభాలు దాన్ని ఎలా పంచుకున్నాయి? ఇంగ్లీషువాళ్ల కాలంలో ఒక ఇంజనీరు ఈ స్తంభాన్ని కదిలించబోయాడని ఊళ్లో చెప్పుకుంటారు. ఆ కథ వింటే కొరియా ఇంజనీరు నవ్వుతాడు, బహుశా సానుభూతితో.

తర్వాత నాట్యమండపం కప్పు. ఖనిజ రంగులతో వేసిన బొమ్మలు: కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, పొడుగు కుళ్లాయిలు పెట్టుకున్న రాజోద్యోగులు. బొమ్మల్లోని ఆడవాళ్ల చీరలను చూడాలి. అక్కడి నుంచి బయటికొస్తే, పూర్తికాని కల్యాణమండపం పక్కన లతామండపం. స్తంభాల ముఖాల మీద లతలు, గళ్లు, పువ్వులు రాతిలో చెక్కి ఉంటాయి. ఆ లతలే ధర్మవరం చీర అంచుల మీద ఇప్పటికీ దిగుతున్నాయి. ఊరి చివరి నంది సరేసరి: ఒకే రాయి, పదిహేను అడుగుల ఎత్తు, ఇరవై ఏడు అడుగుల పొడవు. యునెస్కో తాత్కాలిక జాబితాలో గుడితోపాటు ఈ బసవన్న పేరు కూడా 2022లో చేరింది.

ఎండాకాలంలో పది గంటలు దాటితే చెప్పుల్లేని కాళ్లు రాతి మీద నిలవవు. పొద్దున్నే పోయి, హిందూపురం తిరిగొచ్చి ఉగ్గాని, మిరపకాయ బజ్జి తినాలి. బజ్జీ కారానికి కొరియా నాలుక బెదరదు.

ధర్మవరంలో చిల్లుల అట్టలు

ఉత్తరానికి పోయే దారి ఎంచుకుంటే ధర్మవరం. చీర కొనడానికి అంగడికి పోతే అది వట్టి బేరం. మగ్గం చూడడానికి ఇంటికి పోవాలి. ఊళ్లో ఎవరో ఒకరి చేత ముందే మాట చెప్పించుకుని పోవడం మర్యాద, ఎందుకంటే ఆ ఇంట్లో పడసాలే వాళ్ల ఫ్యాక్టరీ, వంటగది గుమ్మమే దాని గేటు.

కార్ల ఇంజనీరుకు ఆ పడసాలలో చూపించాల్సింది జాకార్డు. మగ్గం నెత్తిన చిల్లులు పొడిచిన అట్టలు గొలుసులా వేలాడుతుంటాయి. చిల్లు ఉన్నచోట సూది లోపలికి పోతుంది, లేనిచోట ఆగిపోతుంది. దాన్నిబట్టి ఏ పడుగు దారం లేవాలో, ఏది కింద ఉండాలో తేలుతుంది. ఒక్కసారి కాలు తొక్కితే ఒక అట్ట తిరుగుతుంది, ఒక పేక పడుతుంది. ఫ్రాన్సులోని లియోన్ పట్టు మగ్గాల కోసం జోసెఫ్ మారీ జాకార్డ్ 1804లో రూపొందించిన యంత్రం ఇది. చిల్లుల అట్టలతో లెక్క నడిపించే ఆలోచన తర్వాతి కాలంలో కంప్యూటర్ల దాకా పాకింది. రోబో చేతులకు ఆజ్ఞలు రాసే మనిషి, ఆ ఆజ్ఞలకు ముత్తాత లాంటిదాన్ని ధర్మవరంలో ఒక ఇంటి పడసాలలో పనిచేస్తుండగా చూడొచ్చు. సియోల్‌లో దాని కోసం మ్యూజియానికి పోవాలి.

పాత పడుగు అయిపోయి కొత్తది ఎక్కించేటప్పుడు వేల పోగులను ఒక్కొక్కటిగా అతికే పని ఉంటుంది. ఆ సమయంలో పోయినవాడు అదృష్టవంతుడు. వేళ్లకు కొంచెం బూడిద అద్దుకుని, పాత పోగు కొసను కొత్త పోగు కొసతో పేని తిప్పేస్తుంటే చూపు అందదు. ఈ పని ఎక్కువగా ఆడవాళ్ల చేతిలోనే నడుస్తుంది, చీర మీద మాత్రం వాళ్ల పేరు ఎక్కడా ఉండదు. పడుగుకు ఒక రంగు, పేకకు ఇంకో రంగు వేసి, చీర కదిలినప్పుడల్లా రంగు మారేలా నేయడం ధర్మవరం సొత్తు. ధర్మవరం చేనేత పట్టుచీరలకూ పావడాలకూ 2014లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

గుర్తింపు వచ్చినా మరమగ్గం దెబ్బ తగ్గలేదు. చేనేతకు కొన్ని రకాలను కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చింది గానీ అమలు సంగతి నేతగాడిని అడిగితే తెలుస్తుంది. కొత్త డిజైను ఫోటో బయటికి పోయిందంటే మరమగ్గం మీద అదే అంచు చవగ్గా దిగిపోతుందన్న భయం వాళ్లది. అందుకే మగ్గం మీద ఉన్న చీరను అడక్కుండా ఫోటో తీయకూడదు. యంత్రాన్ని తీసుకోండి, అంచును వదిలేయండి అంటే వాళ్లూ సంతోషంగా ఒప్పుకుంటారు. రెండు గంటలు కూర్చుని చూశాక చీర కొంటారా లేదా అన్నది తర్వాతి మాట. వాళ్ల పని ఆగినందుకు ఏదో ఒకటి కొనడమే న్యాయం.

పెనుకొండ సాయంత్రం

రోజు చివర పెనుకొండ. విజయనగరం పతనమయ్యాక తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికి తెచ్చాడు. కింద ఊళ్లోనే గగన్ మహల్ ఉంది: తురకల కమాను, హిందూ గోపురం ఒకే గోడ మీద కలిసిపోయిన రెండంతస్తుల మేడ. కొద్ది దూరంలోనే బాబయ్య దర్గా, పచ్చరాయి పార్శ్వనాథుడి జైన గుడి కూడా ఉన్నాయి. అన్నీ నడిచే దూరంలోనే. కొండెక్కాలంటే మాత్రం పొద్దున పూట పెట్టుకోవాలి, తోడు లేకుండా చీకట్లో దిగడం మంచిది కాదు.

కొరియా మనిషికి గగన్ మహల్ ముందు చెప్పాల్సిన తేదీ ఒకటి ఉంది. 1592. ఆ ఏడాది జపాన్ సేనలు దండెత్తినప్పుడు సియోల్‌లోని గ్యోంగ్‌బోక్‌గుంగ్ రాజభవనం కాలి బూడిదైంది. దాదాపు 270 ఏళ్లు అది శిథిలంగానే ఉంది, 19వ శతాబ్దంలో గానీ తిరిగి కట్టలేదు. ఇంచుమించు 1592లోనే వేంకటపతిరాయలు పెనుకొండను వదిలి చంద్రగిరికి రాజధాని మార్చాడు. అటు ఒక రాజభవనం, ఇటు ఒక రాజధాని ఇంచుమించు ఒకే సమయంలో ఖాళీ అయ్యాయి. వాళ్లు తిరిగి కట్టుకున్నారు. హన్‌బోక్ తొడుక్కుని పోయేవాళ్లకు ఆ భవనంలో ఇప్పుడు టికెట్టు కూడా అడగరు. మనం పంచె కట్టుకుని పోతే గగన్ మహల్ కథ చెప్పే మనిషి ఎదురొస్తే గొప్ప.

మన వంతు

ఒంటరిగా వచ్చిన విదేశీయుడికి మన ఊళ్లలో ఎదురయ్యే చిక్కుల్లో సగం మనం తీర్చగలిగేవే. విదేశీయులు దిగితే ఇరవై నాలుగు గంటల్లోపు అధికారులకు తెలియజేయాలన్న నిబంధన హోటళ్లకు ఉంది. ఆ బాధ ఎందుకని చిన్న లాడ్జీలు గది లేదని చెప్పేస్తుంటాయి. ఆ వివరాలు నింపడం నేర్చుకుంటే వాళ్లకే గిరాకీ. బస్టాండులో బస్సు బోర్డు ఒక్క తెలుగులోనే ఉంటే ఆ మనిషి ఎవరినో ఒకరిని అడగాల్సిందే. “యాడికి పోవాల సామీ?” అని మనమే ముందు అడిగి బస్సు చూపించవచ్చు. సెల్ఫీ అడిగే ముందు ఆ పని చేయండి. కేంద్ర పర్యాటక శాఖ హెల్ప్‌లైన్ 1363కు ఫోన్ చేస్తే పన్నెండు భాషల్లో జవాబు చెప్తారు, వాటిలో కొరియన్ ఒకటి. ఈ నంబరు గోడ మీద రాసిన హోటల్ మన వైపు నాకు కనబడలేదు.

జిల్లా అధికారులను అడగాల్సిందీ ఒకటుంది. ఎర్రమంచి వాకిలి దగ్గర, గగన్ మహల్ ముందు, లేపాక్షి లతామండపం పక్కన తెలుగు, ఇంగ్లీషు, కొరియన్ భాషల్లో ఒక్కో బోర్డు పెట్టించండి. వాటి మీద ఏ రాజు, ఏ ఏడు, ఏ పని అన్నది నాలుగు వాక్యాల్లో ఉంటే చాలు. దానికయ్యే ఖర్చు జిల్లాకు ఒక లెక్క కాదు. కొరియన్‌లో రాసి పెట్టగల మనుషులు ఎర్రమంచిలోనే ఉన్నారు.

ఈసారి సియోల్‌కు పోయే మన పిల్లలు గ్వాంగ్‌జాంగ్ మేడ మీదికి శనివారం మధ్యాహ్నానికల్లా చేరుకునేలా చూసుకోండి. మీ ఇంటి చీర కొంగు ఫోటో తీసుకుపోవడం మరవకండి.